పాత మైక్రోస్కోప్‌కు కెమెరా బిగించడం ఎలా: వెర్నియర్‌తో మొదలుపెట్టి స్కేల్ బార్ దాకా

“మాస్టారూ, మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి చూసే ఐపీస్ దగ్గర ఫోన్ పెడితే చుట్టూ నలుపు, మధ్యలో రూపాయి బిళ్లంత బొమ్మ వస్తోంది. ఏ కెమెరా కొనమంటారు?” నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతారు. గుంటూరు కొత్తపేట ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్లు, డిగ్రీ బోటనీ పిల్లలు, మిరప పూలలో చేరే నల్ల తామర పురుగును దగ్గరగా చూడాలనుకునే రైతుబిడ్డలు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. కెమెరా సంగతి తర్వాత, ముందు మైక్రోస్కోప్‌ను కొలవండి. కెమెరా ఉండాల్సిన ఎత్తు తప్పడం, గొట్టానికి సరిగ్గా మధ్యలో కూర్చోకపోవడం, లైటు సరిచేసుకోకపోవడం, బల్ల అదరడం. ఫొటో చెడిందంటే చాలావరకు వీటిలో ఏదో ఒకటే కారణం. వీటిలో ఒక్కటి కూడా డబ్బు పెట్టి కెమెరా మారిస్తే పోయేది కాదు.

ఇక్కడ చెప్పేదంతా కెమెరా కోసం మూడో గొట్టం లేని మైక్రోస్కోప్‌ల గురించి. కాలేజీ పాత సామాను అమ్మేసినప్పుడు దొరికిన ఒంటి గొట్టం వాటికీ, ల్యాబులో వాడి పక్కన పడేసిన, రెండు కళ్లతో చూసే బైనాక్యులర్‌ మైక్రోస్కోప్‌లకూ ఇది పనికొస్తుంది.

1. ముందు మైక్రోస్కోప్ ఒంట్లో ఎలా ఉందో చూడండి

కంటికి మసకగా కనిపించేది కెమెరాకు స్పష్టంగా కనిపించదు. ఒక మామూలు స్లైడు పెట్టి 10ఎక్స్‌, 40ఎక్స్‌ ఆబ్జెక్టివ్‌లతో (స్లైడు వైపు ఉండే, పది రెట్లు, నలభై రెట్లు పెద్దది చేసే లెన్సులతో) చూడండి. కంటికి బాగుంటేనే ముందుకు వెళ్లండి.

మన కృష్ణా తీరపు గాలిలో తేమకు లెన్సులకు బూజు పడుతుంది. ఐపీస్ తీసి ట్యూబులైటు వైపు పెట్టి ఏటవాలుగా చూస్తే సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తాయి. పై గాజు మీదైతే తుడుచుకోవచ్చు. లోపలి గాజు మీదకు పాకి ఉంటే ఆ ఐపీస్ వదిలేసి వేరేది వెతుక్కోవడమే మేలు. ఆబ్జెక్టివ్ కొనను చూడటానికి భూతద్దం అక్కర్లేదు. ఐపీస్‌ను తిరగేసి కంటి దగ్గర పెట్టుకుంటే అదే మంచి భూతద్దం.

శుభ్రం చేసేటప్పుడు ముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి. తర్వాత లెన్స్ పేపరు, అవసరమైతే దాని మీద ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్. లుంగీ అంచు, చొక్కా కొస, దూది వద్దు. లెన్సు మీద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా గీత పడిపోతుంది, ఇక అది పోదు. 100ఎక్స్ కొన మీద, దానికీ స్లైడుకూ మధ్య వేసే సెడార్ నూనె పాతబడి గట్టిపడి ఉంటే గోరుతో గీకకండి. తడిపిన పేపరును కాసేపు ఆనించి ఉంచి, మెత్తబడ్డాక తుడవండి.

ఇంకొకటి, అందరూ వదిలేసేది. చాలా పాత మోడళ్లలో ఫోకస్ తిప్పితే స్టేజి (స్లైడు పెట్టే పలక) కదలదు, గొట్టమే పైకీ కిందికీ వెళ్తుంది. అలాంటిదాని మీద బరువైన కెమెరా పెడితే గొట్టం నెమ్మదిగా కిందికి జారుతుంది. నాకు ఇది ఒక స్లైడు, దాదాపు ఒక ఆబ్జెక్టివ్ ఖరీదుకు తెలిసింది. రాత్రి డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే పెద్ద కెమెరా) బిగించి, కాఫీ తాగి వచ్చేసరికి 40ఎక్స్ కొన స్లైడు మీది పలుచని గాజును, అదే కవర్ స్లిప్‌ను పగలగొట్టుకుని కూర్చుంది. అలా జారేవాటిలో చాలావాటికి రెండు వైపులా ఉన్న పెద్ద నాబ్‌లను రెండు చేతులతో పట్టుకుని ఒకదానికొకటి ఎదురు దిశలో తిప్పితే బిగుసుకుంటాయి. అయినా జారుతుంటే ఆ మైక్రోస్కోప్‌కు ఫోనో, చిన్న యూఎస్‌బీ కెమెరానో తప్ప పెద్దది వద్దు.

2. కాగితం మీద రాసుకోవాల్సిన కొలతలు

కొనే ముందు ఇవన్నీ నోట్‌బుక్‌లో ఉండాలి:

□ ఆబ్జెక్టివ్‌ల మీద ఉన్న అంకెలన్నీ, ఉన్నవి ఉన్నట్టు
□ ఐపీస్ మీద ఉన్న అంకెలు, అక్షరాలు
□ ఐపీస్ గొట్టం లోపలి వ్యాసం, బయటి వ్యాసం
□ గొట్టం పైభాగంలో బిగించుకోవడానికి ఎంత పొడవు దొరుకుతుందో
□ కదిలేది స్టేజా, గొట్టమా
□ లైటు బల్బా, ఎల్ఈడీనా, అద్దమా

ఆబ్జెక్టివ్ మీద పైవరసలో 40/0.65 అని ఉంటే, 40 పెద్దది చేసి చూపే శక్తి, 0.65 న్యూమరికల్ అపెర్చర్, అంటే ఆబ్జెక్టివ్ ఎంత వెడల్పు కోణంలో వెలుగును అందుకుంటుందో చెప్పే అంకె. కింద వరసలో 160/0.17 అని ఉంటుంది. 160 అంటే ఆ ఆబ్జెక్టివ్ ఏ గొట్టం పొడవుకు తయారైందో మిల్లీమీటర్లలో, 0.17 అంటే కవర్ స్లిప్ మందం. పాత లైట్జ్ కంపెనీ వాటి మీద 170 కనిపిస్తుంది. ∞ గుర్తు ఉంటే ఆ మైక్రోస్కోప్ తలలోనో ఒంట్లోనో ఇంకో లెన్సు ఉండి బొమ్మ తయారుచేస్తుందన్నమాట. దాన్ని ఊడదీసి నేరుగా కెమెరా పెడితే ఏమీ రాదు. దాన్ని అలాగే ఉంచి ఐపీస్ చోట కెమెరా పెడితే మిగతా పద్ధతంతా ఇదే.

గొట్టం లోపలి వ్యాసం చాలా పాతవాటిలో 23.2 మి.మీ. స్టీరియో మైక్రోస్కోప్‌లలో 30 లేదా 30.5 మి.మీ. వస్తుంది. వెర్నియర్‌తో ఒక్కచోట కాదు, మూడు దిక్కుల్లో కొలవండి. ఏళ్ల తరబడి ఐపీస్ తీసి పెట్టిన గొట్టం కొంచెం కోలగా అరిగి ఉండొచ్చు. మూడింటిలో చిన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఐపీస్ మీద కె అనే ఇంగ్లీషు అక్షరమో, కాంప్ అనో ఉంటే అది కాంపెన్సేటింగ్ రకం. ఆ కంపెనీ ఆబ్జెక్టివ్‌లు వదిలేసిన రంగుల లోపాన్ని ఆ ఐపీస్ సరిచేస్తుంది. దాన్ని తీసేసి వేరే లెన్సు పెడితే బొమ్మ అంచుల్లో ఎరుపు, నీలం గీతలు వస్తాయి. ఇలాంటి మైక్రోస్కోప్‌కు ఐపీస్ తీయకుండా ఫొటో తీసే పద్ధతే మంచిది.

ఇక గుర్తుపెట్టుకోవాల్సిన అసలు కొలత. 160 మి.మీ. గొట్టంలో ఆబ్జెక్టివ్ తయారుచేసే బొమ్మ గొట్టం పై అంచుకు 10 మి.మీ. కింద, అంటే గొట్టం లోపల ఏర్పడుతుంది. కెమెరాకు సంబంధించిన లెక్కలన్నీ ఇక్కడి నుంచే.

3. మూడు దారులు, ఎవరికి ఏది

3.1 ఫోన్, ఐపీస్ తీయకుండా

మొదటిసారి చేసేవాళ్లంతా ఇక్కడే మొదలుపెట్టండి. సరిగ్గా బిగిస్తే చాలా పనులకు ఇదే చాలు.

చుట్టూ నలుపు రావడానికి కారణం దూరం. ఐపీస్ నుంచి బయటికొచ్చే వెలుగంతా ఒకచోట చిన్న చుక్కలా కలుస్తుంది. ఫోన్ లెన్సు సరిగ్గా అక్కడే ఉండాలి. దాన్ని వెతకడం తేలిక. గదిలో లైట్లు ఆర్పి, మైక్రోస్కోప్ లైటు పెంచి, ఐపీస్ మీద ఒక బట్టర్ పేపర్ ముక్క పెట్టి మెల్లగా పైకి లేపండి. వెలుగు గుండ్రం కుంచించుకుపోతూ ఒక ఎత్తులో ఆవగింజంత చుక్క అవుతుంది, ఇంకా లేపితే మళ్లీ పెద్దదవుతుంది. ఆ ఆవగింజ ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. 40/0.65 ఆబ్జెక్టివ్, 10ఎక్స్ ఐపీస్‌తో ఆ చుక్క వ్యాసం 0.8 మి.మీ. మాత్రమే. అందుకే చేత్తో పట్టుకున్న ఫోన్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా బొమ్మలో సగం మాయమైపోతుంది.

కాబట్టి హోల్డరు తప్పదు. ఐపీస్‌కు బిగిసే రకం, ఫోన్‌ను ముందుకు వెనక్కి, పక్కకు జరుపుకునే స్క్రూలు ఉన్నది తీసుకోండి. ఐపీస్ వైపు రింగు సరిపోకపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టితే చక్కగా పట్టుకుంటుంది. ఫోన్ కవరు తీసేయండి. ఆ రెండు మిల్లీమీటర్లు కూడా లెక్కే.

ఫోన్‌లో మెయిన్ లెన్సునే వాడండి. వైడ్ లెన్సులోకో, మ్యాక్రోలోకో తనంతట తాను మారిపోయే సౌకర్యాన్ని ఆపేయండి. 1.5 నుంచి 2 రెట్లు జూమ్ చేస్తే మిగిలిన నల్ల అంచు ఫ్రేమ్ బయటికి పోతుంది. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. ఆ తర్వాత ఫోకస్ మైక్రోస్కోప్ ఫైన్ నాబ్‌తోనే (కొంచెం కొంచెంగా కదిలించే నాబ్) తిప్పాలి.

3.2 చిన్న యూఎస్‌బీ కెమెరా, ఐపీస్ తీసేసి

తరగతిలో పెద్ద తెర మీద చూపించాలన్నా, రోజంతా స్లైడ్లు చూసే పనికైనా ఇదే సుఖం. ఐపీస్ తీసి దాని చోట కెమెరా దూర్చడమే. కొనేటప్పుడు చూడాల్సినవి రెండే: సెన్సర్ (కెమెరాలో బొమ్మను పట్టే చిప్పు) ఎంత పెద్దది, దాని ముందు తగ్గింపు లెన్సు (బొమ్మను చిన్నది చేసేది) ఉందా లేదా.

ఐపీస్‌లో మీకు కనిపించే బొమ్మ వ్యాసం 18 మి.మీ. అనుకుందాం. ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 18 అంటే ఇదే. 1/3 అంగుళం సెన్సర్ మూల నుంచి మూలకు 6 మి.మీ. తగ్గింపు లెన్సు లేకుండా పెడితే కంటికి కనిపించేదాంట్లో మూడో వంతు వెడల్పే కెమెరాకు అందుతుంది. ఏనుగును చూడబోతే చెవి మాత్రమే కనిపించినట్టు. 0.5ఎక్స్ లెన్సు పెడితే 18 కాస్తా 9 అవుతుంది. 1/2.5 అంగుళం సెన్సర్ మూల నుంచి మూలకు 7.2 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ రెండూ బాగా కుదురుతాయి.

పెట్టె మీది మెగాపిక్సెల్ అంకె చూసి మోసపోకండి. 40/0.65 ఆబ్జెక్టివ్ విడదీసి చూపగలిగే అతిచిన్న దూరం అర మైక్రాన్‌కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొంచెం ఎక్కువ. 40 రెట్లు, మళ్లీ 0.5, అంటే సెన్సర్ మీద అది సుమారు 10 మైక్రాన్లు. దాన్ని పట్టుకోవడానికి రెండు పిక్సెల్‌లు కావాలి, ఒక్కోటి 5 మైక్రాన్లున్నా సరిపోతుంది. 1/2.5 అంగుళంలో 5 మెగాపిక్సెల్ అంటేనే ఒక్కో పిక్సెల్ 2.2 మైక్రాన్లు. అంతకు మించిన పిక్సెల్‌లు ఫైలు బరువు పెంచడానికే.

కెమెరా సి-మౌంట్ (లెన్సు బిగించే మరలో ఒక రకం) అయితే దాని మర ఒక అంగుళం వ్యాసం, అంగుళానికి 32 చుట్లు. మర అంచు నుంచి సెన్సర్ దాకా 17.5 మి.మీ. సీఎస్-మౌంట్ అని ఇంకో రకం ఉంది, మర అదే, దూరం మాత్రం 12.5. రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌కు వాడే హెచ్‌క్యూ కెమెరాతో 5 మి.మీ. రింగు ఒకటి వస్తుంది, అది ఈ తేడాను పూడ్చడానికే. ఆ రింగును పనికిరానిదనుకుని డ్రాయరులో పడేసి, “ఫోకస్ కుదరడం లేదు సార్” అన్నవాళ్లను చూశాను.

తగ్గింపు లెన్సు లేకుండా సి-మౌంట్ కెమెరాను గొట్టం మీద నేరుగా కూర్చోబెడితే ఏమవుతుందో చూడండి. బొమ్మ ఉండాల్సింది అంచుకు 10 మి.మీ. కింద, సెన్సర్ ఉన్నది 17.5 మి.మీ. పైన. తేడా 27.5. ఫైన్ నాబ్ తిప్పితే ఫోకస్ దొరుకుతుంది, 4ఎక్స్, 10ఎక్స్‌లలో బాగానే కనిపిస్తుంది కూడా. 40ఎక్స్‌కు వెళ్లగానే పాల పొరలాంటి మసక. ఆబ్జెక్టివ్‌ను అది తయారైన దూరానికి వాడకపోవడం వల్ల వచ్చే మసక అది, ఎంత తిప్పినా పోదు.

3.3 డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్

ఇంట్లో ఉంటే వాడుకోండి, దీనికోసం కొత్తగా కొనకండి. డీఎస్ఎల్ఆర్‌లో మౌంటు (లెన్సు బిగించే అంచు) నుంచి సెన్సర్‌కు కెనాన్ ఈఎఫ్ అయితే 44 మి.మీ., నికాన్ ఎఫ్ అయితే 46.5 మి.మీ. అందుకే లెన్సు లేకుండా గొట్టం మీద నేరుగా పెట్టడం పై లెక్క ప్రకారం అసలు కుదరదు. మధ్యలో ఐపీస్ ఉండాలి.

మంచి పద్ధతి ఆ మైక్రోస్కోప్ కంపెనీవే ఫొటో ఐపీస్‌లు, 2.5ఎక్స్ లేదా 3.3ఎక్స్‌వి. పాతవి దొరికితే అదృష్టమే.

దొరక్కపోతే మామూలు 10ఎక్స్ ఐపీస్‌తోనే చేయొచ్చు, ఒక చిన్న మార్పుతో. 10ఎక్స్ ఐపీస్ ఫోకల్ లెంగ్త్ 25 మి.మీ. సెన్సర్ దానికి 125 మి.మీ. పైన ఉందనుకోండి. అప్పుడు ఐపీస్ బొమ్మకు 31.25 మి.మీ. దూరంలో ఉండాలి, అంటే మామూలుగా కూర్చునే చోటు నుంచి సుమారు 6 మి.మీ. పైకి లేవాలి. పీవీసీ పైపు నుంచి 6 మి.మీ. రింగు కోసి ఐపీస్ కింద పెడితే సరి. ఐపీస్ లేపకుండా ఫైన్ నాబ్‌తో ఫోకస్ తెచ్చుకుంటే మళ్లీ అదే పాల పొర. ఈ అమరికలో బొమ్మ 4 రెట్లు పెద్దదవుతుంది, 18 మి.మీ. గుండ్రం 72 అవుతుంది. మూల నుంచి మూలకు 27 మి.మీ. ఉండే ఏపీఎస్-సి రకం సెన్సర్‌కు మధ్య భాగమే అందుతుంది.

మొత్తం కావాలంటే ఇంకో దారి ఉంది: కెమెరాకు 40 లేదా 50 మి.మీ. లెన్సు పెట్టి, ఇన్ఫినిటీకి (అతి దూరానికి) ఫోకస్ చేసి, ఐపీస్ మీద పెట్టడం. ఫోన్ పద్ధతే, పెద్ద కెమెరాతో. బరువు మైక్రోస్కోప్ మీద పడకుండా కెమెరాను విడిగా స్టాండుకు బిగించాలి. పాత ఫొటో ఎన్‌లార్జర్ స్తంభం దొరికితే దీనికి అదిరిపోతుంది.

ఒక హెచ్చరిక. కెమెరాను బిగించే టి-మౌంట్ రింగు మర 42 మి.మీ. వ్యాసం, 0.75 పిచ్ (మర చుట్ల మధ్య దూరం, మి.మీ.లో). పాత ఎం42 లెన్సుల మర కూడా 42 మి.మీ.నే, పిచ్ మాత్రం 1. రెండూ ఒకదాంట్లో ఒకటి చుట్టున్నర ఎక్కి బిగుసుకుపోతాయి. బలవంతం చేస్తే రెండు మరలూ పోతాయి.

4. ఆటోనగర్‌లో అడాప్టర్ తిప్పించడం

కెమెరాను గొట్టానికి కలిపే రెడీమేడ్ అడాప్టర్ వదులుగా వస్తే, లేదా మీ గొట్టం వింత సైజైతే, విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. లేతు మిషన్ ఉన్న ఏ షాపులోనైనా ఇది చిన్న పని. కాకపోతే వాళ్లు లారీ భాగాలకు అలవాటుపడ్డవాళ్లు, మనది సన్న పని. కొలత మనమే చెప్పాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మేస్త్రీ గొట్టం నోట్లో వేలుపెట్టి చూసి, “ఎంత వదలమంటారు సార్, పాయింట్ టూనా?” అన్నాడు. లారీ బుష్‌కైతే అది బిగుతే. “పాయింట్ వన్ కన్నా ఎక్కువ వదలకు” అంటే నవ్వి, “అయితే కొలత కాదు, మీ మైక్రోస్కోపే ఇక్కడ పెట్టండి, చూసుకుంటూ తిప్పుతా” అన్నాడు. అదే సరైన మాట. తల మాత్రం ఊడదీసి సంచిలో తీసుకెళ్లండి, గొట్టం మూతికి టేపు వేసి. లోహపు పొట్టు లోపల పడిందా, అంతే సంగతులు.

అడగాల్సినవి:

□ 23.2 గొట్టానికి బయటి వ్యాసం 23.1
□ లోపలికి దిగే భాగం కనీసం 25 మి.మీ. పొడవు, లేకపోతే కెమెరా ఒరిగిపోతుంది
□ పైన ఆనుకునే అంచు, లేతు మీద ఒకే బిగింపులో తిప్పాలి, అప్పుడే నిటారుగా వస్తుంది
□ పక్కన చిన్న స్క్రూ పెట్టేట్టయితే కొనకు నైలాన్ ముక్క, గొట్టం గీసుకుపోకుండా
□ అల్యూమినియం లేదా నల్ల నైలాన్ కడ్డీ

సి-మౌంట్ మర అక్కడ కోయించకండి. రెడీమేడ్ రింగు కొని, గొట్టం మాత్రం తిప్పించి, రెంటినీ మూడు చిన్న స్క్రూలతో కలపండి.

నా మొదటి అడాప్టర్ లోపల అద్దంలా మెరిసేది. చూసి మురిసిపోయాను. ఫొటోలన్నిటిలో మధ్యలో తెల్లటి మచ్చ, దీపం పెట్టినట్టు. గొట్టం లోపలి గోడల మీద వెలుగు జారి వచ్చిన మచ్చ అది. లోపల నల్లని మ్యాట్ పెయింట్ కొట్టించాక సగం పోయింది, లోపలి గోడకు సన్న మర గాట్లు పెట్టించి మళ్లీ నలుపు కొట్టించాక పూర్తిగా పోయింది. నల్ల వెల్వెట్ కాగితం చుట్టి దూర్చినా పనిచేస్తుంది, నూలు రాలి సెన్సర్ మీద పడకుండా చూసుకోవాలి.

5. లైటు

కెమెరా బిగించక ముందే, కంటితో చూస్తూ లైటు సరిచేయండి. ఈ వరస మార్చకండి:

1. 10ఎక్స్ పెట్టి స్లైడును ఫోకస్ చేయండి.
2. లైటు దగ్గరున్న డయాఫ్రమ్‌ను (వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసేది) పూర్తిగా మూయండి.
3. ఆ రంధ్రం అంచులు పదునుగా కనిపించేదాకా కండెన్సర్‌ను (స్టేజి కింద వెలుగును కూడగట్టే లెన్సును) పైకీ కిందికీ జరపండి.
4. కండెన్సర్ స్క్రూలతో ఆ రంధ్రాన్ని మధ్యకు తెండి.
5. అంచులు కనిపించే మేర దాటేంత వరకే తెరవండి.
6. ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తూ, కండెన్సర్ డయాఫ్రమ్‌ను వెలుగు గుండ్రంలో ముప్పాతిక భాగం తెరిచి ఉండేలా మూయండి.

ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఆఖరి రెండూ మళ్లీ చేయాలి. కింది డయాఫ్రమ్ లేని స్టూడెంట్ మోడళ్లలో, లైటు ముందు పెన్సిల్ మొన పెట్టి, ఆ మొన పదునుగా కనిపించేలా కండెన్సర్ జరిపితే దాదాపు అదే ఫలితం. అద్దం ఉన్నదైతే కండెన్సర్‌తో చదును వైపు, కండెన్సర్ లేకపోతే పుటాకార వైపు.

వెలుగు ఎక్కువైందని కండెన్సర్ డయాఫ్రమ్ మూసేయడం అందరూ చేసే తప్పు. బొమ్మ గట్టి గీతలతో బాగున్నట్టే అనిపిస్తుంది, సన్న వివరాలు మాత్రం పోతాయి. వెలుగు తగ్గించాలంటే బల్బు రెగ్యులేటర్ లేదా కెమెరా షట్టర్ వేగం ఉంది కదా.

ఎల్ఈడీతో తెర మీద అడ్డంగా చారలు పాకుతుంటే షట్టర్‌ను 1/50 లేదా 1/100 సెకనుకు మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ రెండింటి దగ్గర చారలు ఆగుతాయి. అయినా ఉంటే చారలు ఆ ఎల్ఈడీ డిమ్మర్‌వి. దాన్ని పూర్తి వెలుగులో పెట్టి, ముందు బూడిద రంగు ఫిల్టర్ వేయండి.

6. బిగించే వరస

1. మైక్రోస్కోప్‌ను చివరికి ఉంచే చోటే పెట్టండి. బిగించాక మోయకండి.
2. 4ఎక్స్‌లో స్లైడు ఫోకస్ చేసి, ఒక గుర్తును సరిగ్గా మధ్యకు తెండి.
3. ఐపీస్ తీయండి, మూత పెట్టిన డబ్బాలో పెట్టండి.
4. కెమెరా మూత తీసి, నోరు కిందికి ఉండేట్టు పట్టుకుని అడాప్టర్‌ను బిగించండి.
5. గొట్టంలోకి దించండి. అంచు పూర్తిగా ఆనాలి.
6. తెర మీద ఆ గుర్తు మధ్యలో ఉందా చూడండి. లేకపోతే అడాప్టర్‌ను అరచుట్టు తిప్పండి. గుర్తు తెర మీద మధ్యకు దూరంగా అదే చోట ఉండిపోతే అడాప్టర్ వంకర.
7. స్లైడును కుడికి జరిపితే తెర మీద అడ్డంగా తిన్నని గీతలో కదలాలి. ఏటవాలుగా పోతే కెమెరాను తిప్పి సరిచేసి, అప్పుడు స్క్రూ బిగించండి.
8. వైరును మైక్రోస్కోప్ చేతికి టేపు వేయండి. వేలాడే వైరే సగం అదురుకు మూలం.

7. అదురు

మేలో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఆపరు, నేనూ ఆపను. కానీ సీలింగ్ ఫ్యాన్ అదురు గోడల నుంచి బల్లకు వస్తుంది. బెంజ్ సర్కిల్ వైపు హైవే పక్కన ఇల్లయితే లారీల అదురు కూడా. పరీక్ష సులువు: స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టి, అందులో ట్యూబులైటు నీడ చూడండి. నీడ వణుకుతుంటే 40ఎక్స్ ఫొటో కూడా వణుకుతుంది.

నా పరిష్కారం: సైకిల్ ట్యూబులో కొంచెంగా గాలి కొట్టి, బల్ల మీద పరిచి, దాని మీద గ్రానైట్ ముక్క. ప్లాట్‌ఫాం రాయి కోసినప్పుడు మిగిలే ముక్క చాలు. దాని మీద మైక్రోస్కోప్. ఫ్యాన్ తిరుగుతున్నా నీడ కదలలేదు.

డీఎస్ఎల్ఆర్‌లో లైవ్ వ్యూ పెట్టి, 2 సెకన్లో 10 సెకన్లో టైమర్ పెట్టండి. అద్దం లేవడం వల్ల వచ్చే అదురు ఈలోగా ఆగుతుంది.

8. మొదటి ఫొటో

ఉల్లిపొర, సాఫ్రనిన్ రంగు వేసింది. దీనికన్నా మంచి మొదటి స్లైడు లేదు. తడి స్లైడు ఫ్యాన్ గాలికి త్వరగా ఆరి లోపల నీరు ప్రవహిస్తుంది, కణాలు కదిలిపోతాయి. కవర్ స్లిప్ చుట్టూ వ్యాస్‌లిన్ రాస్తే ఆగుతుంది.

స్లైడులో ఏమీ లేని చోటుకు జరిపి, అక్కడ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సెట్టింగు) చేత్తో సెట్ చేయండి. ఆటోలో వదిలేస్తే గులాబీ రంగు వేసిన స్లైడును కెమెరా తెల్లబరుస్తుంది. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) తక్కువలో, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టండి. ఖాళీ చోటు పూర్తి తెలుపుకు కొంచెం తక్కువగా ఉండాలి. ఆ ఖాళీ చోటును కూడా ఒక ఫొటో తీసి దాచండి, తర్వాత మచ్చలు ఎక్కడివో తేల్చడానికి పనికొస్తుంది.

తామర పురుగు మిల్లీమీటరు పొడవు ఉంటుంది, 4ఎక్స్‌లో మొత్తం వస్తుంది. కానీ మందం వల్ల ఒకేసారి అంతా ఫోకస్‌లో ఉండదు. ఫైన్ నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ పది పదిహేను ఫొటోలు తీసి స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపాలి.

ల్యాబువాళ్లకు ఒక మాట. రక్తపు స్లైడు ఫొటో తీసి గ్రూపులో పెట్టే ముందు, లేబుల్ మీద పేషెంటు పేరు, నంబరు ఫ్రేములో లేవని చూసుకోండి.

9. స్కేల్

“400 రెట్లు” అని ఫొటో కింద రాయడం అర్థంలేనిది. ఫోన్‌లో చూస్తే ఒక సైజు, ప్రొజెక్టర్‌లో ఇంకో సైజు. ఉండాల్సింది స్కేల్ బార్, అంటే ఎన్ని మైక్రాన్లో రాసి ఫొటో మీద గీసే చిన్న గీత.

స్టేజి మైక్రోమీటర్ అనే స్లైడు మీద 1 మి.మీ.ని 100 భాగాలు చేసి ఉంటుంది, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌తో దాని ఫొటో తీయండి. ఉదాహరణకు 10ఎక్స్‌లో 50 గీతల దూరం, అంటే 500 మైక్రాన్లు, 1940 పిక్సెల్‌లు వచ్చిందనుకోండి. 500ను 1940తో భాగిస్తే పిక్సెల్‌కు 0.258 మైక్రాన్. ఉచితంగా దొరికే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్‌లో సెట్ స్కేల్‌లో ఈ అంకె ఇస్తే బార్ అదే గీస్తుంది. ఫోన్ పద్ధతిలో జూమ్ మార్చినా, హోల్డరు తీసి పెట్టినా ఈ అంకె మారిపోతుంది. మళ్లీ తీయాలి.

10. చెడితే ఎక్కడ వెతకాలి

మచ్చలు. స్లైడు కదిపితే మచ్చ కదిలిందా, స్లైడుది. కెమెరాను గొట్టంలో తిప్పినా తెర మీద అదే చోట ఉందా, సెన్సర్‌ది. ఐపీస్ తిప్పితే తిరిగిందా, ఐపీస్‌ది. కండెన్సర్ ఎత్తు మారిస్తే మాయమైందా, లైటు వైపుది.

ఒక పక్క మసక, ఒక పక్క స్పష్టం. అడాప్టర్ వంకర, లేదా స్లైడు స్టేజి మీద సరిగా ఆనలేదు. స్లైడు కింద ఎండిన నూనె బొట్టు ఉందేమో చూడండి.

10ఎక్స్ బాగుంది, 40ఎక్స్ మసక. ముందు స్లైడు తిరగేసి పెట్టారేమో చూడండి, నవ్వకండి, రోజూ జరిగేదే. తర్వాత 40ఎక్స్ కొన మీద నూనె. తర్వాత కవర్ స్లిప్ మందం. చివరికి కెమెరా ఎత్తు.

కంటికి ఫోకస్, కెమెరాకు కాదు. బైనాక్యులర్‌లో ఒక గొట్టంలో కెమెరా, ఒకదాంట్లో కన్ను పెట్టినప్పుడు వస్తుంది. కెమెరాకు ఫోకస్ చేసి, ఐపీస్ డయాప్టర్ రింగుతో కంటిని దానికి సరిచేసుకోండి.

మూలల్లో చీకటి. ఫోన్ అయితే ఎత్తు తప్పు, బట్టర్ పేపర్ పరీక్ష మళ్లీ చేయండి. యూఎస్‌బీ కెమెరా అయితే సెన్సర్ తగ్గింపు లెన్సుకు మించి పెద్దది.

11. పని అయ్యాక

కెమెరా తీసిన వెంటనే ఐపీస్ పెట్టేయండి. నోరు తెరిచిన గొట్టంలో పడిన దుమ్ము తిన్నగా ఆబ్జెక్టివ్ వెనక గాజు మీదకు చేరుతుంది, అక్కడ తుడవడం మన చేతిలో పని కాదు. 100ఎక్స్ వాడితే నూనె ఆ రోజే తుడవాలి, రేపు కాదు.

మైక్రోస్కోప్‌కు కవరు వేసి, ఐపీస్‌లు, అడాప్టర్, కెమెరా మాత్రం గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి గింజల రంగు చూడండి. నీలం గింజలు తేమ తాగి గులాబీ రంగుకు వస్తే 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి వంటింటి మూకుడు ముట్టుకోకండి, దీనికని ఒక పాత గిన్నె విడిగా పెట్టుకోండి.